అమ్మవారి చీర అంచులో విమానం

మా చిన్నప్పుడు... దసరాకు పొద్దుటూరు ఎగ్జిబిషన్‌కు పోతే, ఒక గుడారం దగ్గర మా చెల్లెలు లక్ష్మీదేవి కదలకుండా నిలబడిపోయింది. లోపల టీవీలో వీడియో గేము. నల్లటి తెర మీద పచ్చటి విమానం... విమానమంటే ఏముంది, పక్కపక్కన పేర్చిన నాలుగు గడులు. అయినా అది ఎగురుతుంటే రెప్ప వెయ్యకుండా చూశాం.

"అక్కా, నాయన గీసే చిలక మాదిరే ఉండాది," అంది చెల్లెలు.

నిజమే. మాది జమ్మలమడుగు దగ్గర నేత ఇల్లు. అంచుకు చిలకలు కావాలంటే నాయన గళ్ళ కాగితం మీద ఒక్కో గడి ఎర్ర పెన్సిలుతో నింపేవాడు. అది చూసి, ఊళ్ళో అట్టలు కొట్టే మాబాషా మామ నిండిన గడికల్లా జాకార్డు అట్టలకు బెజ్జాలు కొట్టి ఇచ్చేవాడు. ఆ అట్టలు మగ్గం పైన తిరిగితే, కింద చీర అంచులో చిలక పుట్టేది.

కొత్త అట్టల మీద దిగే మొదటి చీర మా ఇలవేల్పు చౌడమ్మ తల్లికే. మా ఇంట్లో అది తప్పదు.

ఆ పండగ తర్వాత వచ్చిన కొత్త అట్టలతో నాయన జానెడు నేసి మగ్గం ఆపాడు. చిలకకూ చిలకకూ నడుమ ఇంకేదో ఉంది.

"ఇదేం పక్షి పాపా?"

"పక్షి కాదు నాయనా... విమానం." కాగితం మాబాషా మామకు పోకముందే, నాయన చూడకుండా, ఖాళీగా ఉన్న చోట చెల్లెలు గడులు నింపేసింది.

అమ్మ నెత్తిన చెయ్యి పెట్టుకుంది. "అమ్మవారి చీర మీద విమానమా! బుద్ధుండాదా నీకి?"

మాబాషా మామను పిలిపించారు. "నిండిన గడికి బెజ్జం కొట్టమంటివి, కొడితిని. చిలకో, విమానమో నాకేం ఎరుకప్పా?" అన్నాడాయన.

నాయన అట్టల తాడు విప్పబోయాడు. చెల్లెలు మగ్గం గుంజను వాటేసుకుంది. "తీసేయొద్దు నాయనా... ఇంగేమీ అడగను."

నాయన చాలాసేపు అంచు తడుముతూ కూర్చున్నాడు. తర్వాత నవ్వాడు. "పోనీలేవే. ఎంతకాలమని సింహం మీదే తిరుగుతాది తల్లి? ఒకతూరి విమానమెక్కనీ."

ఆ చీరే కట్టారు అమ్మవారికి. హారతి వెలుగులో చెల్లెలు మొక్కడం మరిచి అంచునే చూస్తూ నిలబడింది.

మొన్న కడపలో చెల్లెలింటికి పోయాను. దాని కూతురు ఏదో కొత్త గేము ఆడుతోంది. తెర మీద వాన... ఒక రాణి కొంగు తడిసి బరువుగా వాలుతోంది. గడి అన్నది ఎక్కడా లేదు. పడుగు పోగులు, పేక పోగులు వేరువేరుగా కనిపిస్తున్నాయి. చేసినవాళ్ళెవరో గానీ, చల్లగా ఉండాలి.

చెల్లెలు కళ్ళజోడు సర్దుకుని దగ్గరికి జరిగింది. చెయ్యి చాచి ఆ కొంగును రెండు వేళ్ళ మధ్య పట్టబోయింది... నేత ఇంట పుట్టినవాళ్ళకు బట్ట కనబడితే నలిపి చూడనిదే మనసాగదు.

వేళ్ళకు చల్లటి అద్దం తగిలింది.

నాయన పోయాడు. మా వీధిలో మగ్గం చప్పుడు ఆగిపోయి చాలా ఏళ్ళయింది... పోగు మాత్రం తెర మీద, అందనంత అందంగా ఉంది.

మీ వేళ్ళకు ఇంకా గుర్తున్న బట్ట ఏదైనా ఉందా... ఉంటే చెప్పండి, వింటాను.