నాన్న వేళ్ళంత తెలుపు

మా ప్రాంతపు జెండా ఎగురుతున్న చోటల్లా ఒకసారి తలెత్తి చూడండి. అది మా వదిన కుట్టిందే. కోర్టు మీద, రేవు మీద, పెద్దాసుపత్రి మీద, ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆమె చేతి కుట్టే. ఒక గాలివానకు కోర్టు మీది జెండాకొయ్య విరిగి పడింది గానీ జెండా పోగు కూడా ఊడలేదు. కళ్ళారా చూశాను. ఊరిబడి చదువు నాది, లేనిది కల్పించి రాయడం చేతకాదు.

పైన ఎరుపు, అడుగున నీలం, రెంటి మధ్య సన్నటి తెల్ల పట్టీ, మూలన పసుపు తెడ్డు. ఎరుపు మా ఇటుకమట్టి, నీలం మా ఏరు. తెడ్డు వరదలో జనాన్ని దాటించిన పడవవాళ్ళది. దాన్ని గరిటె అనేవాళ్ళూ ఉన్నారు. వాళ్ళతో వదిన మాట్లాడదు.

బట్టను రోజంతా నానబెట్టి, ఆరాక తెల్ల రుమాలుతో రుద్దుతుంది. రుమాలుకు రంగంటితే ఆ తాను వాపసు. ఆ రుమాలు చూస్తే బట్టల కొట్టువాళ్ళు నాసి తానులు లోపల దాచేస్తారు. మెడలో టేపు వేలాడుతున్నా, తెల్ల పట్టీని మాత్రం రెండు వేళ్ళు ఆనించి కత్తిరిస్తుంది. అది ఆమె పద్ధతి.

పోయినేడు నలభై జెండాలు కట్టగట్టి ఇద్దరం సర్కారు ఆఫీసుకు తీసుకెళ్ళాం. మోత పని ఎప్పుడూ నాదే. కొత్తగా వచ్చిన అధికారి పాత జెండా పక్కన మావి పరిచి, టేపు పెట్టి చూశాడు.

"ఏంటమ్మా ఇది? పాతదాని కంటే తెలుపు లావుగా ఉంది, ఏటికో కొలతైతే ఎలా? ఇవి తీసుకెళ్ళిపోండి. ఇకమీదట ప్రెస్సులో అచ్చు వేయిస్తాం, మూడు రంగులూ సమానంగా."

"సమానమైతే అది వేరే జెండా అవుతుంది బాబూ."

"తెలుపంటే శాంతి కదా! ఎంత ఎక్కువుంటే అంత మంచిది."

"శాంతి సంగతి నాకు తెలీదు. ఇది సున్నం. ఆ బీరువా కాస్త జరిపించండి, చూపిస్తాను."

"నా ఉద్యోగంలో ఈ బీరువా కదల్లేదు తల్లీ," అంటూనే అటెండరు భుజం ఆనించాడు. నేనూ ఓ చెయ్యి వేశాను.

వెనక గోడ ఎర్రగా ఉంది. నడుమెత్తున తెల్లటి గీత. వదిన దాని ముందు నిలబడి చెప్పింది. పడవవాళ్ళు జనాన్ని దాటించిన ఆ ఏడు వరద అంతవరకూ వచ్చింది. నీళ్ళు తీశాక ఆమె తండ్రి, వెల్లవేసే మేస్త్రి, రెండు వేళ్ళు సున్నంలో ముంచి ఈ ఆఫీసు గోడ మీదా, ఇంటింటి గోడ మీదా ఆ గీత గీశాడు, ఇల్లు కట్టేవాళ్ళు మరిచిపోకూడదని. సున్నం ముంత పట్టుకుని వెంట తిరిగింది ఎనిమిదేళ్ళ వదినే. తర్వాత జెండా పెట్టినప్పుడు పెద్దలు ఆ గీతనే, ఆ వెడల్పుతోనే, రెండు రంగుల మధ్య ఉంచారు.

"ఇదిగో, సరిగ్గా రెండు వేళ్ళు," అని వదిన తన వేళ్ళు గీత మీద ఆనించింది.

గీత కనబడలేదు. వేళ్ళు దాన్ని కప్పేసి, పైకీ కిందికీ పొడుచుకొచ్చాయి. ముప్పై ఒక్క ఏళ్ళ కత్తెర పనికి కణుపులు వాచిపోయాయి. ఆ వేళ్ళతోపాటే ఏటేటా పట్టీ కూడా లావెక్కింది.

"వదినా, ఇంత తేడా ఎవరికి కనిపిస్తుంది?" అన్నాను మెల్లగా.

"నాకు కనిపించిందిగా. ఊరుకో మరిదీ." అధికారి వైపు తిరిగింది. "తప్పు నాదే బాబూ. మీ టేపు ఇటివ్వండి."

గీత కొలిచింది. అంగుళం పావు.

"పది రోజులు గడువివ్వండి. నలభై విప్పి కుడతాను. అప్పుడూ తేడా ఉంటే ప్రెస్సుకే ఇచ్చుకోండి."

అధికారి గోడ వంకే చూస్తూ, "అలాగేనమ్మా," అన్నాడు.

విప్పింది. కుట్టిన దారం విప్పడం కుట్టడం కంటే కష్టం, అదీ ఆ జోడుకుట్టు! పదోరోజు అధికారి ఒక్కో జెండానూ గోడ దగ్గరికి తీసుకెళ్ళి గీతకు ఆనించి చూశాడు. నలభైకి నలభై సరిపోయాయి. పట్టీ వెడల్పు ఆ గీత ప్రకారమే ఉండాలనీ, కుట్టుపని వదినదేననీ కాగితం రాసిచ్చాడు. బీరువా మళ్ళీ అక్కడ పెట్టనివ్వలేదు.

ఇప్పుడు వదిన మిషను పక్కన అంగుళం పావు వెడల్పు రేకుముక్క ఒకటి మేకుకు వేలాడుతుంది. తెలుపు కత్తిరించే వేళకు పక్కమిషను మీద జాకెట్లు కుట్టే ఆవిడను కేకేసి అడుగుతుంది:

"ఏమ్మా, మా నాన్న వేళ్ళు ఇలా అందివ్వు."