మా పెద్దోడు ఎంచుకున్న పొట్టి రైఫిల్

మా పెద్దోడు పోయాడన్న కబురు డోర్నకల్ నుంచి వచ్చింది. పొద్దున నేను బియ్యం చెరుగుతూ కూర్చున్నాను. వాడితో కలిసి పనిచేసే ఇద్దరు కాజీపేటలో బండి దిగి వచ్చి మా ఇంటి ముందర నిలబడ్డారు. లోపలికి రండి బిడ్డా అంటే రారు. మంచినీళ్లు ఇస్తే చెంబు చేత పట్టుకున్నారు గాని తాగరు. అప్పుడే నాకు తెలిసిపోయింది.

వాడు అక్కడ రైల్వేలో బండ్లకు పట్టాలు మార్చే పాయింట్స్‌మన్. తెల్లారి మంచు బాగా కమ్మిందట. పట్టాల మీద ఏదో ముడుచుకుని పడి ఉంటే మనిషే అనుకుని, లేపడానికి ఉరికాడట. అది మనిషి కాదు. గాలికి కొట్టుకొచ్చిన గోనెపట్టా. వాడు వంగి దాన్ని పట్టుకునేసరికి వెనక నుంచి ఇంజన్ వచ్చేసింది.

పరామర్శకు వచ్చినవాళ్లందరూ ఒకటే మాట. "గంత తెలివిగల్లోడు, గోనెపట్టాను చూసి గట్లెట్ల మోసపోయిండమ్మా?" వాళ్లు పాపం ప్రేమతోనే అన్నారు. కాని ఆ మాట నాకు ముల్లులా దిగింది. వాడి దోస్తులు వాడి గురించి చిన్న పుస్తకం వేస్తున్నారు, నన్ను కూడా నాలుగు మాటలు రాయమన్నారు. నా చదువు మూడో తరగతితో ఆగిపోయింది. తప్పులుంటే దిద్దుకుని చదవండి. వాడు మోసపోయే మనిషి కాదని మీకు చెప్పాలి. అందుకు వాడు రైఫిల్ కొన్నప్పటి సంగతి చెప్పాలి.

మా ఇంటికి తుపాకి కొత్త కాదు. మా ఆయనకు జంట గొట్టాల తుపాకి ఉండేది. మా పుట్టింటి ఊరికి స్టేషన్ ఘన్‌పూర్‌లో దిగి గుట్టల వైపు నడిచి పోవాలి. పసుపు కుంకుమల కింద మా నాయన నాకిచ్చిన చెలక అక్కడే ఉంది. నా తమ్ముడే దున్నేవాడు. మక్క వేసినా పల్లికాయ వేసినా అడవిపందులు వదిలిపెట్టేవి కావు. చేను కాపలా కోసమే ఆయన లైసెన్సు తీసుకున్నాడు. ఆయన మా ఇంట్లో ఒక పద్ధతి పెట్టాడు. ప్రయాణంలో తుపాకి ఆయన దగ్గర ఉంటే తూటాలు నా బొడ్డుసంచిలో ఉండాలి. "ఇద్దరం ఒప్పుకుంటేనే అది పేలాలె" అనేవాడు. చేను దగ్గర మనుషులందరూ ఎక్కడెక్కడ ఉన్నారో చూసుకున్నాకే నేను తూటాలు తీసి ఇచ్చేదాన్ని. ఆయన పోయాక ఆ తుపాకి ఠాణాలో పెట్టేశాం.

ఆ తర్వాత వానాకాలంలోనే నా తమ్ముణ్ణి పంది కొట్టింది. పొద్దున్నే మక్కచేను చూడబోతే ఎదురొచ్చి తొడ చీరేసింది. వరంగల్ దవాఖానలో కాలు దక్కింది గాని నడక దక్కలేదు. కట్టె పట్టుకుని ఈడ్చుకుంటూ నడిచేవాడు. ఆ పంది మాత్రం ఆ చేన్లోనే తిరుగుతోంది. చేన్లోకి పోవాలంటే ఆడవాళ్లు ఏడుస్తున్నారు. తమ్ముడు నాకు కబురు పంపాడు: "అక్కా, అల్లుణ్ణి తుపాకి తీస్కోని రమ్మను. లేకపోతే చెలక బీడు పెడత."

మా పెద్దోడు ఆఫీసుల చుట్టూ తిరిగి తండ్రి లైసెన్సు తన పేరు మీదికి మార్పించుకున్నాడు. ఆ పందిని కొట్టడానికి ఫారెస్టు వాళ్ల పర్మిషన్ కూడా తెచ్చుకున్నాడు. నాకు మాత్రం వాణ్ణి పంపబుద్ధి కాలేదు. తమ్ముడి తొడ నేను నా కళ్లతో చూశాను. ఇప్పుడు అదే పంది ముందర నా కొడుకు నిలబడాలి.

తండ్రి తుపాకి వాడికి కుదరలేదు. ఆయన ఆరడుగుల మనిషి, వీడు నా పోలిక, సన్నగా పొట్టిగా ఉంటాడు. "నాయన తుపాకి నాయన భుజానికే అమ్మా. మక్కల నడుమ తిప్పుదామంటే కర్రలకు తట్టుకుంటది" అన్నాడు. చిన్నది, తేలికది కావాలన్నాడు. జనరల్ బోగీలో పరుపుచుట్టలో పట్టాలి. స్టేషన్ నుంచి ఊరిదాకా భుజాన మోయాలి.

వరంగల్ చౌరస్తా దగ్గరి తుపాకుల దుకాణానికి నన్ను వెంట తీసుకుపోయాడు. దుకాణం సాబు పొడుగాటి రైఫిల్ ఒకటి తీసి బల్ల మీద పెట్టాడు. నున్నగా మెరిసిపోతోంది.

"దీన్ని చూడు బాబూ. ఏనుగునైన పండవెడ్తది."

మా పెద్దోడికి ఒక అలవాటు ఉండేది. చెప్పులు కొన్నా దుకాణం మెట్లు ఎక్కి దిగి, గొంతుక్కూర్చుని లేచి, అప్పుడు కొనేవాడు. సైకిల్ కొన్నప్పుడు తొక్కడం కంటె ముందు భుజాన ఎత్తుకుని చూశాడు. ఆ రోజు కూడా అంతే. కళ్లు మూసుకుని రైఫిల్‌ను ఒక్కసారి భుజానికి ఎత్తి కళ్లు తెరిచాడు. గొట్టం చివరి గురి వాడి కన్నుకు అందలేదు, ఎక్కడో పక్కకు పోయింది. మళ్లీ చేశాడు. మళ్లీ అంతే.

"ఇది నా మాట ఇంటలేదు సాబ్."

సాబు నవ్వి, లోపలి నుంచి గుడ్డలో చుట్టిన పాత రైఫిల్ తెచ్చాడు. విలాయతీదట. గొట్టం పొట్టిగా ఉంది. కట్టె మీద గీతలు పడ్డాయి. వెనక తలుపు గడియ లాంటి ఇనుప బోల్టు ఉంటుంది. దాన్ని ఎత్తి వెనక్కి లాగితే కాల్చిన తూటా బయటికి పడుతుంది, ముందుకు తోస్తే కొత్తది లోపలికి పోతుంది. ఆ బోల్టు మొత్తంగా ఊడి చేతికి కూడా వస్తుంది. మా పెద్దోడు ముందర అడిగింది తూటాల సంగతి. "మనకు దొరికే తూటాలే పడుతయి, ఫికర్ చెయ్యకు" అన్నాడు సాబు. అప్పుడు కళ్లు మూసుకుని ఎత్తాడు. తెరిచేసరికి గురి కన్ను ముందర నిలబడి ఉంది.

"ముందుగాలనే చెప్తాన బాబూ. తేలికది గద, గాడిద లెక్క ఎనకకు తంతది. చప్పుడు గూడ జాస్తి. దూరం కొట్టలేవు."

"మక్కచేన్ల దూరం ఏడున్నది సాబ్? నాకు అగుపడేదే ఆ గోడ దాక." అని నా చేతిలో పెట్టాడు. "పట్టుకో అమ్మా. నీకు బరువనిపిస్తే, పొద్దుగూకేసరికి నాకు గూడ బరువైతది."

నీళ్లు నిండిన బిందె కంటె తక్కువే ఉంది. నేను బరువు చూడటం లేదు. పందినే చూస్తున్నాను. "బిడ్డా, నాయనది రెండు గొట్టాలు. ఒకటి తప్పితే ఇంకోటి ఉండె. దీంతోని ఒకటి కొట్టి, గడియ తీసి, మళ్ల పెట్టేదాక పంది ఆగుతదారా?"

సాబు నవ్వు ఆపేశాడు.

"రెండోది ఉన్నది గద అనుకుంటే మొదటిది ఊకెనే కొడతం అమ్మా. దీంతోని మొదటిదే చూసి కొట్టాలె" అన్నాడు మా పెద్దోడు.

"అమ్మా, నువ్వు గూడ లైసెన్సు తీస్కో. మా గిరాకీలెవ్వరు గిట్ల అడగలే" అన్నాడు సాబు.

అప్పట్లో వాడి డ్యూటీ కాజీపేటలోనే. ఆ నెలంతా డ్యూటీ దిగి వచ్చాక ఖాళీ రైఫిల్‌తో సాధన చేశాడు. కళ్లకు తువ్వాల కట్టుకుని బోల్టు ఎత్తడం, లాగడం, తోయడం. నేను వంటింట్లో ఉండేదాన్ని. "చెప్పకుంట చప్పుడు చెయ్యమ్మా, ఉలిక్కిపడ్డా చెయ్యి ఆగొద్దు" అనేవాడు. నేను కావాలని గిన్నె మీది మూత కింద పడేసేదాన్ని. మూత గిరగిరా తిరిగి ఆగేలోపు అవతల బోల్టు చప్పుడు వినబడేది. వినబడడానికి జర ఆలస్యమైతే ఇంకో మూత పడేసేదాన్ని.

పోయే రోజు వచ్చింది. బొగ్గు ఇంజన్ బండి. రైఫిల్ పరుపుచుట్టలో, బోల్టు నా బొడ్డుసంచిలో. తండ్రి పెట్టిన పద్ధతి వాడే అడిగి మరీ నిలబెట్టాడు. బండిలో ఒకాయన పరుపుచుట్ట మీద చెయ్యివేసి, "ఏంది బాబూ, గింత గట్టిగున్నది, పరుపుల బొక్కలున్నయా?" అంటే బోగీ అంతా నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

ఊళ్లో నా తమ్ముడు చుట్ట విప్పించి చూసి నోరు తెరిచాడు. "అక్కా, గిది తుపాకా, పిల్లగాని ఆటబొమ్మా? పందిని నవ్వించి నవ్వించి సంపుతడా ఏంది నీ కొడుకు?"

"నవ్వినా సరే మామా, ఆడ నిలబడితే చాలు" అన్నాడు మా పెద్దోడు.

పొద్దు వాలుతుండగా ఊరివాళ్లు డబ్బాలు పట్టుకుని చేనుకు అవతలి వైపు పోయారు. డబ్బాలు కొడుతూ వరసగా నడిచి పందిని ఇటు తోలాలి. చేను ఇవతల ఖాళీ జాగా. దానికి ఒక పక్క ఎత్తైన మట్టికట్ట. అక్కడ మా పెద్దోడు నేల మీద నిలబడ్డాడు. అందరూ అవతలికి చేరారని కేక వినబడ్డాకే నేను బోల్టు తీసి ఇచ్చాను. కళ్లకద్దుకుని పెట్టుకున్నాడు. నేను పోయి మంచె ఎక్కాను. తమ్ముడు కింద మంచెగుంజ పట్టుకుని నిలబడ్డాడు.

డబ్బాల మోత దగ్గరికి వస్తోంది. మక్కలు ఒక గీత గీసినట్టు విచ్చుకుంటూ వచ్చాయి. పంది బయటికి వచ్చి నిలబడింది. దూడంత ఉంది. మా పెద్దోడికి అడ్డంగా నిలబడింది. రైఫిల్ భుజాన ఉంది, గురి కుదిరింది. వేలు మీట మీద పడటం నాకు అంత దూరం నుంచి కనబడింది.

కాల్చలేదు.

"కొట్టరా!" అని తమ్ముడు అరిచాడు. ఆ అరుపుకు పంది తల తిప్పింది. మా పెద్దోణ్ణి చూసింది. వీడు రైఫిల్ దించకుండా పక్కకు అడుగులు వేస్తున్నాడు, మట్టికట్ట పంది వెనకకు వచ్చేదాకా. పంది తల వంచి వీడి మీదికే ఉరికింది. అప్పుడు కాల్చాడు. పంది మోకాళ్ల మీద పడింది. లేచింది. మళ్లీ ఉరికింది. బోల్టు చప్పుడు మాత్రం చెవిలో పడింది నాకు, వంటింట్లో విన్న చప్పుడే. రెండో దెబ్బకు పంది మంచమంత దూరంలో కూలింది. దాని మూతి వాడి చెప్పు వైపే ఉంది.

నేను మంచె ఎట్లా దిగానో నాకు తెలియదు. నాకంటె ముందర తమ్ముడు కాలీడ్చుకుంటూ పోయి వాడి అంగీ పట్టుకున్నాడు.

"ఇంటంత పంది అడ్డంగ నిలబడ్డది! ఎందుకు కొట్టలేరా?"

"దాని ఎనక మక్క కదిలింది మామా."

"మనోళ్లందరు ఇంక దూరంగనే ఉండిరి! గాలికి కదిలింది!"

డబ్బాలవాళ్లు వచ్చి అక్కడంతా వెతికారు. ఎవరూ లేరు. అడుగుల జాడ కూడా లేదు. గాలే. "గాలికి జడిసిండుల్లా మీ అల్లుడు" అని ఒకరిద్దరు నవ్వారు.

"గాలో మనిషో నాకు తెల్వలే మామా" అన్నాడు. "తెల్వనప్పుడు మనిషే అనుకోవాలె. దీని గుండు నాయన తుపాకి చెర్రల లెక్క చెదిరి రాలిపోదు, మక్కలకెల్లి అవతల దాక పోతది."

"మరి నీ పానం పోతే?"

వాడు బోల్టు ఊడదీయబోతే చేతులకు చేతకాలేదు. నేనే తీసి సంచిలో వేసుకున్నాను. తమ్ముడు "అక్కా, నీ కొడుకు పిచ్చోడే" అని, అన్నం కాడ మొదటి ముక్క వాడి పళ్లెంలోనే వేశాడు.

ఇదీ సంగతి. ఇప్పుడు మీరే చెప్పండి. ఆ మంచులో పట్టాల మీద ఉన్నది గోనెపట్టానో మనిషో వాడికి తెలియలేదు. వాడు మోసపోలేదు. వెనక్కి తిరిగి వచ్చేస్తే బాగుండేది బిడ్డా అని నేను రోజూ అనుకుంటాను. కన్నతల్లిని, అనుకోకుండా ఎట్లా ఉంటాను? వాడి భార్య, నా కోడలు కూడా అదే అనుకుని ఏడుస్తుంది. కాని మోసపోయాడని మాత్రం మా ఇంట్లో ఎవరూ అనరు. మీరు కూడా అనకండి.

పందిని కొట్టిన మరునాడు మేము కాజీపేటకు తిరిగి వచ్చాం. సాబు చెప్పినట్టే రైఫిల్ తన్నింది. వాడి కుడిభుజం నల్లగా కమిలి ఉబ్బింది. పొద్దున ఉప్పుమూట వేడిచేసి కాపడం పెడుతుంటే పళ్లు బిగబట్టాడు. బండిలో మనుషులు కిక్కిరిసి ఉన్నారు. వాడి పక్కన ఎవరో ముసలాయన, మాకు తెలిసినవాడు కాదు, కూర్చున్నచోటే నిద్రపోయి తల వాల్చాడు, సరిగ్గా ఆ కుడిభుజం మీద. నేను లేపబోతే వాడు కళ్లతోనే వద్దన్నాడు. కాజీపేట వచ్చేదాకా ఆ భుజం కదపలేదు. కిటికీలోంచి బొగ్గు నలుసులు ఎగిరి వచ్చి ముసలాయన తెల్లజుట్టు మీద వాలుతుంటే, ఎడమచేత్తో మెల్లగా దులుపుతూ కూర్చున్నాడు.