బావ కడిగిన అద్దం

మా అక్క మొగుడు ఒకచోట కుదురుగా కూర్చోగా నేను చూడలేదు. పగలు పెయింట్ల షాపులో రంగులు కలుపుతాడు. గోడ పెచ్చు ఒకటి చేతికిస్తే అచ్చం అదే రంగు డబ్బాలో దింపుతాడని పేరు. సాయంత్రం ఇల్లు చేరగానే పెరట్లో టెలిస్కోపు దగ్గర తేలతాడు. దాన్ని మమ్మల్ని ముట్టుకోనిచ్చేవాడు కాదు. ఒకసారి నేను వేలు పెట్టానని ఆ పూట అన్నం మానేసి అలిగాడు.

ఒక జంట నక్షత్రమంటే బావకు ప్రాణం. ఒకటి బంగారు రంగు, పక్కనే చిన్నది నీలం. ఈ ఏడు ఆ నీలం వెలిసిపోయిందని గొణగడం మొదలుపెట్టాడు. టెలిస్కోపు అద్దానికి మకిలి పట్టిందన్నాడు. సరిగ్గా తోకచుక్క కనిపించే వారంలో, బుద్ధున్నవాడెవడూ చేయని పని, అద్దం ఊడదీసి సబ్బునీళ్లతో కడిగాడు. మళ్లీ బిగించి సరిచేసేసరికి రెండు మూడు సాయంత్రాలు వృథా అయ్యాయి. నీలం మాత్రం అలాగే ఉంది. దాంతో నేరం పక్కింటి లైటు మీదికి పోయింది. రంగు తేడా అని షాపుకు డబ్బాలు వెనక్కి వస్తే, అక్కడి ట్యూబ్‌లైటును తిట్టాడు.

ఆ మర్నాడు పొద్దుగూకగానే ప్రహరీ మీదుగా తోకచుక్క కనిపించింది. బావ ఇంట్లోకీ పెరట్లోకీ కాలుగాలిన పిల్లిలా తిరిగి, చివరికి టెలిస్కోపులో చూడమని అక్కను పిలిచాడు. ఇన్నేళ్లకు పిలిచాడు కదా అని అక్క చేతులు తుడుచుకుంటూ పరుగున వెళ్లింది. నాకూ ముచ్చటేసింది.

"తల ఏ రంగుంది?" అన్నాడు బావ.

"లేత ఆకుపచ్చ."

"సరిగ్గా చూడు."

"ఆకుపచ్చేనండీ."

నన్నూ చూడమన్నాడు. నేనూ అదే చెప్పాను. తనకు బూడిద రంగే కనిపిస్తోందని అప్పుడు ఒప్పుకున్నాడు. తోకచుక్కను చూపించడానికి కాదు, తన కళ్లను పరీక్షించుకోవడానికి పిలిచాడని తెలిసి అక్క ముఖం చిన్నబోయింది. నాకు ఒళ్లు మండింది. రంగులు వెలిసినట్టు కనిపించేది కంట్లో శుక్లం వల్లయితే ఆపరేషన్‌తో పోతుంది కదా, పాపం అద్దాన్ని ఎందుకు రాచిరంపాన పెట్టావని నిలదీశాను.

"ఆపరేషన్‌కి భయం లేదురా. కళ్లు బాగైతే ఊళ్లో నేను కలిపిన రంగులన్నీ కనిపిస్తాయి. ఎన్ని గోడలు పాడుచేశానో."

ఆ మాటతో నా కోపం చప్పబడింది. అక్క ఆయన దగ్గరికెళ్లి భుజం మీద చెయ్యి వేసింది.

"మన హాలు నుంచే మొదలుపెడదాం. లేత నీలమని మీరు వేసింది ముదురు నీలమండీ. మీ పనికి వంక పెట్టలేక ఏడాదిగా ఊరుకున్నాను."

బావ హాలు గుమ్మం వైపు చూశాడు. ఎంత ముదురు అని మాత్రం అడిగాడు.