మడ్‌గార్డుకు చిల్లులెందుకు

పెళ్లయి ఖరగ్‌పూర్ వచ్చిన రెండో ఏడు, ఒక ఆదివారం పొద్దున, మా బావ ఇందా బజారు నుంచి సైకిలు ఫ్రేము ఒకటి భుజాన తగిలించుకుని నడిచొచ్చాడు. బావ అంటే మా ఆయనే, మా మేనమామ కొడుకు. రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. మామ అప్పటికే పోయాడు. క్వార్టర్లో ఉండేది ముగ్గురమే: బావ, మా అత్త, నేను. టెక్కలి పక్క పల్లె నుంచి వచ్చిన నాకు అప్పటికి ఇరవయ్యేళ్లు నిండలేదు. ఒకే కుళాయి దగ్గర నాలుగు భాషలు వినపడే ఊరు అది. నాకు ప్రతిదీ వింతే.

బావ ఫ్రేమును గోడకు ఆనించి, గోనెసంచి విప్పాడు. అందులోంచి రెండు హబ్బులు, రెండు మడ్‌గార్డులు, గుప్పెడు చువ్వలు దిగాయి. రెండు రిమ్ములు ఇంకా అతని మోచేతికే వేలాడుతున్నాయి. అన్నిటికీ జిడ్డు కాగితం చుట్టి ఉంది. విప్పుతుంటే తడి గడ్డి వాసన.

నేను చుట్టూ తిరిగి చూశాను. ఏదో తక్కువైనట్టు అనిపించింది.

"బావా, దీనికి సీటు ముందుండే అడ్డ కడ్డీ ఏదీ?"

"లేదు. ఇది ఆడోల్ల ఫ్రేము" అన్నాడు తల ఎత్తకుండా.

అత్త వంటింట్లోంచి వచ్చింది. "ఆడోల్ల సైకిలు నీకెందుకురా? ఎవులు తొక్కుతారు?"

"కడ్డీ ఏయించీసి మగోల్ల సైకిలు సేసీస్తానమ్మా. ఫారిన్ ఇనుము. సూడు, ఎంత తేలిగ్గున్నాదో."

సంగతి ఏమిటంటే, ఇందాలో సైకిలు సామాన్లు అమ్మే బెంగాలీ దాదా కలకత్తా రేవులో ఒక కట్ట ఫ్రేములు చవగ్గా తెచ్చాడు. ఓడలో తడిసిన సరుకు. మగవాళ్ల ఫ్రేములు వారం తిరక్కుండా అయిపోయాయి. మిగిలింది ఇదొక్కటే. "ఎటా లేడీజ్, కేఉ నేబే నా" అన్నాడట. ఆడవాళ్లది, ఎవరూ తీసుకోరు అని. కొత్త సైకిలు కొనే తాహతు మాకు లేదు. ఫిట్టరు చేతులు ఊరుకోవు. అలా వచ్చింది మా ఇంటికి.

ఆ మధ్యాహ్నం ముగ్గురం దాని చుట్టూ కూర్చుని, తప్పిపోయి వచ్చిన మనిషిని అడిగినట్టు, ఎక్కడి నుంచి వచ్చావని ఆరా తీశాం. పేరు బిళ్ల ఊడిపోయింది. అది ఉండాల్సిన చోట రెండు చిన్న రంధ్రాలు మిగిలాయి. జిడ్డు కాగితం ఏదో వార్తాపత్రిక. అక్షరాలు ఇంగ్లీషువే, కొన్నిటి నెత్తిన మాత్రం కొక్కేలు, చుక్కలు. బావకు ఒక్క మాట కూడా అర్థం కాలేదు.

అన్నిటికంటే వింత వెనక మడ్‌గార్డు. దాని రెండంచుల వెంబడి వరసగా సన్న సన్న చిల్లులు. లెక్కపెడితే ఒక్కో పక్క పద్నాలుగు.

"నీళ్లు కారిపోడానికేమో" అన్నాడు బావ.

"నీళ్లు ఆపడానికి కదా మడ్‌గార్డు? దాంట్లోంచి కారిపోతే ఇంకేటి లాభం?" అంది అత్త.

నేను సోకు కోసమేమో అన్నాను. అత్త ఒప్పుకోలేదు. "సోకుకైతే ముందు సెక్రానికీ పెట్టేవోల్లు కదే." ఆ చిల్లుల సంగతి అలాగే ఉండిపోయింది.

తర్వాతి ఆదివారం పెడళ్ల ఇరుసు బిగించబోతే మొదటి చిక్కు వచ్చింది. ఇరుసుకు అటొకటి, ఇటొకటి ఇనుప గిన్నెలుంటాయి. బజారు నుంచి తెచ్చిన గిన్నె ఒక పక్క ఎంత తిప్పినా ఎక్కలేదు. నూనె రాశాడు, గుడ్డతో తుడిచాడు, చెమటలు కక్కాడు. చివరికి ఫ్రేము తీసుకుని పూరీ గేట్ అనే రైలు గేటు దగ్గరుండే ఒక తాత ఇంటికి బయల్దేరాడు. ఆ తాత వర్క్‌షాపులో టర్నరుగా చేసి రిటైరయ్యి, ఇంటి వసారాలో ఇనుము చెక్కే చిన్న లేత్ మిషను పెట్టుకున్నాడు. మా వైపు, విజయనగరం మనిషే. నన్నూ తీసుకెళ్లమన్నాను.

తాత కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, చూపుడు వేలు ఇరుసు దూర్చే గొట్టంలో పెట్టి మర మీద మెల్లగా తిప్పాడు. డాక్టరు నాడి చూసినట్టు కళ్లు మూసుకున్నాడు.

"ఇది ఇంగిలీసోడి మర కాదురా నాయనా. ఇంగిలీసోడి సైకిల్లో గొలుసు పక్క గిన్నె ఎడమకి తిప్పితే బిగుస్తాది. ఇది కుడికి బిగుస్తాది. నువ్వు తలుపు అటు తియ్యాలో ఇటు తియ్యాలో తెలీకుండా తోసీసినావు."

"మరి ఏ దేశందంటావు తాతా?"

"ఏ దేశందైతే నీకేటి? ఇనుము సెప్పినట్టు ఇను."

కాసేపు లేత్ తిరిగింది. ఇనుప రజను ఉంగరాలు ఉంగరాలుగా నా కాళ్ల దగ్గర పడింది. కొత్త గిన్నె కుడికి తిప్పితే వెన్నలోకి దిగినట్టు దిగింది. కడ్డీ అతికించే వెల్డరు కూడా తనకు తెలుసనీ, చక్రాలయ్యాక తెమ్మనీ తాత చెప్పాడు.

చక్రాలు అల్లడం దగ్గర ఇంకో చిక్కు. మా ఊళ్లో సైకిళ్లకు ముందు చక్రానికి ముప్పయి రెండు చువ్వలు, వెనక చక్రానికి నలభై. మావాటికి రెండింటికీ ముప్పయ్యారు. గోల్ బజార్ సైకిలు మేస్త్రీ అవి చూసి చేతులు ఎత్తేశాడు. తన వేళ్లకు ముప్పయి రెండు, నలభై లెక్కలే వచ్చట. బావ రెండు సాయంత్రాలు కుస్తీ పట్టాడు. చువ్వలు హబ్బులోంచి ముళ్లపందిలా లేచి నిలబడ్డాయే తప్ప చక్రం కాలేదు.

నేను ఆ రెండు సాయంత్రాలూ చూస్తూ కూర్చున్నాను. మూడోనాడు బావ డ్యూటీకి వెళ్లాక పక్కింటివాళ్ల సైకిలు దగ్గరికెళ్లి, దాని చక్రం ముందు గొంతుకూర్చున్నాను. ఒక చువ్వను పట్టుకుని వేలితో మొదటి నుంచి చివరిదాకా వెళ్లాను. మూడు చువ్వల్ని దాటుతోంది. రెండింటి పైనుంచి పోయి, మూడోదాని కిందికి దూరుతోంది. ఇంకోటి చూశాను. అదీ అంతే. ఇది నులక మంచం అల్లిక లాంటిదే! మా అమ్మ దగ్గర కూర్చుని ఎన్ని మంచాలు అల్లానో. చువ్వలెన్నైతేనేం, అల్లికకు ఒక లెక్కుంటుంది. అది దొరికితే చాలు.

బావ తిరిగొచ్చేసరికి ముందు చక్రం నా ఒళ్లో ఉంది. వదులుగానే, కానీ చక్రమే. అతను బూట్లు విప్పకుండానే పక్కన కూలబడ్డాడు.

"ఎవులు సేసినారు?"

"నానే."

"ఎలాగ?"

"రెండింటి మీదినుంచి, ఒకదాని కిందనుంచి. మంచం లాగ."

చక్రాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాత నవ్వడం మొదలుపెట్టాడు. గాలి కొట్టే రంధ్రం సరిగ్గా రెండు చువ్వలు కలుసుకునే చోట పడింది. పంపు మూతి దూరే సందు లేదు. నాకు ఏడుపొచ్చినంత పనయింది. మొత్తం విప్పి, ఈసారి ఇద్దరం కలిసి, ఆ రంధ్రం దగ్గర మొదలుపెట్టి మళ్లీ అల్లాం. బెండు తీసే పని అతనిది. చక్రం గిర్రున తిప్పితే, అత్త సుద్దముక్కను కదలకుండా రిమ్ముకు దగ్గరగా పట్టుకునేది. సుద్ద గీసుకున్న చోట వంపు ఉన్నట్టు. సుద్ద ఎక్కడా గీసుకోనిదాకా బావ చువ్వలు బిగిస్తూనే ఉన్నాడు.

మడ్‌గార్డు చిల్లుల సంగతి తేల్చింది మాత్రం అత్తే. మా వరసలో మూడిళ్ల అవతల ఒక ఆంగ్లో ఇండియన్ ముసలమ్మ ఉండేది. రైలు గార్డుగారి భార్య. రోజూ నాలుగింటికి పాత సైకిలు మీద రొట్టెకు వెళ్లేది. ఒకరోజు అత్త రోడ్డుకు అడ్డంగా నిలబడి ఆపేసింది.

"మేమ్‌సాబ్, ఏక్ మినిట్. యే క్యా హై?" అంటూ మడ్‌గార్డును ఎత్తి చూపించింది.

ఆవిడ సైకిలు దిగి, చూసి, ఫక్కున నవ్వింది. తన గౌను అంచు పట్టుకుని ఎత్తి చూపించింది. "యే కపడా హై నా? పహియే మే ఘుస్ జాయేగా!" బట్ట చక్రంలోకి పోకుండా, ఆ చిల్లుల్లోంచి ఇరుసు దాకా దారాలు లాగి వల కడతారట. ఆవిడ సైకిలుకూ చిల్లులున్నాయి. రంగు మీద రంగు వేయడంతో పూడిపోయాయి. ఒక మూల రెండు దారాలు మాత్రం ఇంకా వేలాడుతున్నాయి. రోజూ మా ముందునుంచే వెళ్లే సైకిలు అది.

ఆవిడ వెళ్లాక నేను చాలాసేపు ఆ మడ్‌గార్డును చేతిలోంచి దించలేదు. ఏ దేశమో తెలియదు. అక్కడ ఎవరో ఒక మనిషి కూర్చుని, ఆడదాని బట్ట గురించి, తిరిగే చక్రం గురించి ఆలోచించి, ఇటు పద్నాలుగు, అటు పద్నాలుగు చిల్లులు పొడిచాడు.

ఎర్ర నూలు దారానికి కొవ్వొత్తి రుద్ది రెండు రోజుల్లో వల అల్లేశాను. బావ చూసి, "బాగున్నాది గానీ, కడ్డీ ఏయించినాక ఇదెందుకు? ఆదివారం ఎల్డరు రమ్మన్నాడు" అన్నాడు.

"కడ్డీ ఏస్తే నాను తొక్కలేను కదా" అన్నాను.

ఆ మాట నోట్లోంచి వచ్చేదాకా, తొక్కాలని ఉందని నాకే తెలీదు.

"నువ్వు తొక్కుతావేటి?"

నేను తల దించుకున్నాను. అత్త బియ్యంలో రాళ్లు ఏరుతోంది. చేట దించకుండానే అంది: "తొక్కితే తప్పేటి? ఆ మేమ్‌సాబు ముసిల్ది తొక్కడం లేదేటి?"

"మరి నాను డూటీకి దేనిమీద ఎల్లాలమ్మా?"

"దీనిమీదే ఎల్లు. కడ్డీ లేపోతే సెక్రాలు తిరగవేటి?"

ఆదివారం బావ వెల్డరు దగ్గరికి వెళ్లలేదు. సోమవారం పొద్దున సైరను కూసేవేళకి, వర్క్‌షాపు గేటు వైపు వరదలా పోయే వందల సైకిళ్లలో ఎర్ర వల ఉన్నది ఒక్కటే, మాది. తోటి పనివాళ్లు వారం రోజులు నవ్వారట. "ఏటి బావూ, పెళ్లాం సైకిలా?" అంటే, "అవును. అదే అల్లింది సెక్రాలు. నీ పెళ్లాం అల్లగలదేటి?" అన్నాడట. ఈ మాట అతను నాకు చెప్పలేదు. పక్కింటాయన వాళ్లావిడకి చెబితే, ఆవిడ నాకు చెప్పింది.

డ్యూటీ దిగాక సైకిలు నాది. రైల్వే మైదానంలో బావ సీటు పట్టుకుని పరిగెత్తేవాడు. మోకాళ్లు రెండూ చెక్కుకుపోయాయి. ఒకసారి గోల్ పోస్టును గుద్దాను. చీర కుచ్చిళ్లు మాత్రం ఒక్కరోజు కూడా చక్రంలో పడలేదు.

నెల తిరిగాక అత్త క్యారియరు మీద ఒక పాత దుప్పటి మడిచి వేసింది. "పూరీ గేట్ అవతల మా సెల్లి ఇంటికి ఎల్లాలి. పద" అంది.

"అత్తా, ఇంకో మనిషిని ఎక్కించుకోడం నాకింకా రాదు."

"ఎక్కించుకుంటే కదే వొస్తాది."

గేటు దగ్గరికి చేరేదాకా బాగానే ఉంది. గేటు పడింది. ఒక కాలు నేల మీద ఆనించి నిలబడ్డాను. అత్త దిగలేదు. గూడ్సు బండి పెట్టె పెట్టెకూ ఊగుతూ పోయింది. గేటు లేచింది. వెనక రిక్షాలు, లారీలు, గంటలు, హారన్లు. నేను పెడలు తొక్కితే సైకిలు కదలదు. అత్త బరువు, పైగా పట్టాల ఎగుడు. పక్కనున్న బెంగాలీ పాలవాడు తన బిందెలు సర్దుకుని, ఒక చేత్తో మా క్యారియరును తోశాడు. "చాలావ్ దీదీ, చాలావ్!" తొక్కు అక్కా, తొక్కు అని. పట్టాల మీద ఎగిరెగిరి పడుతూ దాటాం. అత్త నా నడుము ఎంత గట్టిగా పట్టుకుందంటే ఊపిరాడలేదు.

అవతల రోడ్డు నున్నగా ఉంది. సైకిలు దానంతటదే సాగుతున్నట్టుంది. చిన్నత్త వాళ్ల వాకిలి కనిపించింది. ఆవిడ చీపురు చేత్తో పట్టుకుని నోరు తెరిచి చూస్తోంది. నేను బ్రేకు మీద చెయ్యి వేశాను.

"ఆపకు" అంది అత్త నా వీపు వెనకనుంచి. "ఆ మలుపు దాకా ఎల్లి రా. ఇంకొంచెం సూద్దాం."