ఏడు నెలల బిడ్డను ఇంట్లో వదిలి బండి మీద కృష్ణ దాటిన రోజు

చిన్నుగాడు కడుపులో పడ్డ మూడో నెల నుంచి నా బండి గోడవారగా, పాత దుప్పటి కప్పుకుని నిలబడే ఉంది. మూడు వందల యాభై సీసీ బండి, పెళ్లికి ముందే నా జీతంతో కొనుక్కున్నది. వాడు పుట్టాక ఆ దుప్పటి మీద వాడి గుడ్డలు ఆరేయడం మొదలుపెట్టాం. చూసినవాళ్లు ఊరుకుంటారా? తల్లివయ్యావు, ఇంకా అదెందుకు, అమ్మేయరాదూ అని వచ్చినవాళ్లు వచ్చినట్టు చెప్పిపోయారు. మా ఆయనకూ ఒక బండి ఉంది. తండ్రివయ్యావు కదా అమ్మేయమని ఆయన్ను ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. లోకులు పలుగాకులని కొట్టిపారేశాను గానీ, అసలు భయం నాలోనే ఉంది. బిడ్డను వదిలి ఒక్క పూటైనా ఉండగలనా, మళ్లీ బండి నడపగలనా అన్నది తేల్చుకోవాలనే ఆ ఆదివారం బయల్దేరాను. పాలిచ్చే తల్లులెవరైనా ఇలాంటి ప్రయాణం పెట్టుకుంటే పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

దారి సులువే. నాగర్‌కర్నూల్‌లో మా ఇంటి నుంచి బిజినేపల్లి, వనపర్తి, అక్కణ్ణుంచి పెబ్బేరు దగ్గర హైవే ఎక్కితే కృష్ణానది మీద బీచుపల్లి వంతెన. అది దాటి ఎర్రవల్లి చౌరస్తాలో కుడికి తిరిగితే గద్వాల. మెల్లగా వెళ్లినా రెండున్నర గంటలు, రానూపోనూ పెట్రోలు ఐదారు వందలకు మించదు. చిక్కంతా వంతెన దగ్గరే వచ్చింది. ఆ ఆదివారం మా ఆయన ఊళ్లో లేడు, పిల్లాణ్ణి చూసుకోవాల్సింది మా అత్తమ్మ. ఆమెది గద్వాల అవతల గట్టు అనే ఊరు. చిన్నప్పుడే పెళ్లయి కృష్ణ దాటి బిజినేపల్లికి వచ్చింది, ఇప్పుడు మాతోనే ఉంటోంది. నేను వెళ్తానంటే ఆమె ఒక్క మాట అడ్డు చెప్పలేదు. ముందే తీసి ఫ్రిజ్‌లో పెట్టిన పాలను ఉగ్గుగిన్నెతో తాగిస్తానంది. ఒకే ఒక్క షరతు పెట్టింది. "వంతెన దాంక పో బిడ్డా, నేనేమన. ఏరు మాత్రం దాటకు. ఏడాది నిండందాంక పిల్లతల్లి ఏరు దాటొద్దు." సరేనన్నాను. ఒప్పుకోకపోతే పాలు పట్టేదెవరు?

ఆరున్నరకు ఇల్లు వదిలాను. మొదటి రెండు మూడు కిలోమీటర్లు క్లచ్ నా మాట వినలేదు, నేను దాని మాట వినలేదు. ఊరు దాటాక ఇద్దరికీ సర్దుకుంది. వేరుశనగ చేల మీద పొద్దుటి ఎండ, ఖాళీ రోడ్డు, చెవుల్లో ఇంజన్ చప్పుడు. హెల్మెట్‌లో నాకు నేనే గట్టిగా నవ్వుకున్నాను. ఏడుపు కూడా వచ్చింది. ఇంత ఇష్టమైనదాన్ని ఇన్నాళ్లు ఎట్లా వదిలి ఉన్నానా అనిపించింది. వనపర్తిలో టిఫిన్‌కు ఆగి ఇంటికి ఫోన్ చేశాను. చిన్ను లేచాడని, గిన్నె మూతి దగ్గర పెడితే తల తిప్పుకుంటున్నాడని అత్తమ్మ చెప్పింది. వెనకాల వాడి ఏడుపు వినిపిస్తోంది. వెనక్కి వచ్చేస్తానన్నాను. జరసేపాగమంది. ఇడ్లీ సగంలో వదిలేసి బండెక్కాను, కానీ ఇంటి వైపు తిప్పలేదు. ఎందుకు తిప్పలేదంటే ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను.

వాడి ఏడుపు విన్న పాపానికి పెబ్బేరు చేరేసరికి రొమ్ములు బరువెక్కి రైడింగ్ జాకెట్ లోపల అంగీ తడిసిపోయింది. రోడ్డు పక్క చాయ్ హోటల్ ముందు దిగి, చేతులు కట్టుకుని నిలబడ్డాను. హోటల్ నడిపే పెద్దావిడ నా ముఖం చూసి, ఏమీ అడగకుండా వెనక తన ఇంట్లోకి తీసుకెళ్లి తలుపు వేసింది. నేను పాలు పిండిన గ్లాసు పట్టుకుని, మోరీలో పారబోయడానికి పెరట్లోకి వస్తుంటే ఆపింది. "మోరీల పొయ్యకు బిడ్డా. పిల్లగాని పాలు, ఎవ్వలు తొక్కొద్దు. గా మందారం చెట్టు మొదట్ల పొయ్యి." పోశాను. తన నలుగురు పిల్లలప్పుడూ కూలికి వెళ్లి, చేనుగట్టున చెట్టు మొదట్లో ఇట్లాగే పోసేదాన్నని చెప్పింది. పనికెళ్లే తల్లికి పాలు పొంగడం కొత్తేమీ కాదని, నేనేదో తప్పు చేసినట్టు ముఖం పెట్టొద్దని అంది. చాయ్‌కి మాత్రం పది రూపాయలు తీసుకుంది.

వంతెనకు ఇవతలే బండి పక్కకు ఆపాను. నీళ్లు నిండుగా ఉన్నాయి. అవతలి ఒడ్డున ఆంజనేయస్వామి గుడి కనిపిస్తోంది, అటు వెళ్లే లారీలన్నీ నన్ను దాటుకుని పోతున్నాయి. చూశాను కదా, ఇక తిరిగి వెళ్దామని ఇంటికి ఫోన్ చేశాను. చిన్ను గిన్నెడు పాలూ తాగి పడుకున్నాడట. వంతెన దగ్గరే ఉన్నానని, వస్తున్నానని చెప్పాను. ఏట్లో నీళ్లున్నాయా అని అడిగింది. బాగా ఉన్నాయన్నాను.

"మీ ఆడిబిడ్డ మూడు నెల్ల పిల్ల అప్పుడు," అంది అత్తమ్మ. "మా అమ్మకు పానం బాగలేదని గట్టు నుంచి కబురొచ్చింది. పోతనన్న. బాలింత ఏరు దాటొద్దన్నరు మా అత్తోళ్లు. ఊకున్న. మూడొద్దులకు మా అమ్మ పోయింది. ముఖం సూడలే."

మరి పొద్దున నన్నెందుకు వద్దన్నావని అడిగాను.

"నాకు చెప్పినోళ్లందరు పోయిండ్రు బిడ్డా. నా భయమే పోలే. నువ్వు దాటు. కృష్ణమ్మకు దండం పెట్టి దాటు. దాటినంక నాకొక ఫోన్ చెయ్యి."

దండం పెట్టి దాటాను. అంత పెద్ద వంతెన మీద నేను ఎంత మెల్లగా వెళ్లానంటే వెనక లారీవాడు హారన్‌తో చెవులు చిల్లులు పొడిచాడు. అవతల గుడి దగ్గర ఆగి ఫోన్ చేశాను. దాటినవా అంది. దాటానన్నాను. తమ దిక్కు ఎండ ఎట్లుందని అడిగింది. దంచుతోందంటే, గట్లనే ఉంటదని సంతోషంగా అంది.

గద్వాలలో గంటన్నర కంటే ఎక్కువ ఉండలేదు. కోట లోపలి చెన్నకేశవస్వామి గుడి, నేతవాళ్ల వీధిలో ఒక మగ్గం, అంతే. నూలు చీరకు పట్టు అంచు ఎట్లా అతుకుతారో చూడాలంటే దుకాణానికి కాదు, నేసే ఇంటికి వెళ్లి అడగండి, కాదనరు. మెస్‌లో డెబ్బై రూపాయల భోజనం. కర్ణాటక నుంచి వచ్చినట్టున్న ఒకాయన ఊట ఆయ్తా, భోజనమైందా అంటూ పక్కన కూర్చుని, ఆడపిల్లవి ఇంత బండి ఎట్లా మోస్తావని అడిగాడు. అది నన్ను మోస్తుందని చెప్పాను.

నాలుగు కాకముందే ఇంటికొచ్చేశాను. చిన్ను నన్ను చూసి చేతులు చాపి ఏడుపు అందుకున్నాడు. అత్తమ్మ వెంటనే ఇవ్వలేదు. ఎండన పడి వచ్చిన తల్లి ఉన్నపళంగా పాలియ్యొద్దని కాళ్లు కడిగించి, నీళ్లు తాగించి, ఫ్యాను కింద కూర్చోబెట్టి అప్పుడిచ్చింది. ఈ పట్టింపును మాత్రం నేను కాదనలేదు. మంచి తల్లినా, బండి పిచ్చిదాన్నా అని ఏడాదిగా నన్ను నేను పోట్లాటకు పెట్టుకున్నాను. ఆ రోజు ఒడిలో వాడు గుటకలు వేస్తుంటే, చేతుల్లో ఇంకా హ్యాండిల్ అదురు తెలుస్తూ ఉంటే, ఆ రెండూ నేనేనని ఒప్పుకోవడానికి ఏ కష్టమూ అనిపించలేదు. నన్ను బతకనివ్వడానికి నలుగురూ మారనక్కర్లేదు, ఇంట్లో ఒక్కరు తోడుంటే చాలు. ఆ తోడు తనకు దొరకని మనిషే నాకు ఇచ్చింది. చిన్ను పాలు తాగుతుండగానే, గట్టు దాకా రోడ్డు మంచిగున్నదా అని ఆమె అడిగింది. తెలియదు, కనుక్కుంటానన్నాను.

చివరగా ఒక్క సూచన. చీర కట్టుకున్నవాళ్లను వెనక ఎక్కించుకునేవాళ్లు చక్రానికి చీరగార్డు, పక్కన కాళ్లు పెట్టుకునే పలక తప్పకుండా బిగించుకోండి. బండి అందం చెడుతుందని కొన్న రోజే తీయించేసిన నేను, పోయిన వారం మెకానిక్ దగ్గర కూర్చుని రెండూ కొత్తవి వేయించుకున్నాను. రెండో హెల్మెట్ కూడా కొన్నాను. వచ్చే ఆదివారం చిన్నుగాడు వాళ్ల నాన్న దగ్గర ఉంటాడు.