కుర్చీ లోపలికి తోసిన మధ్యాహ్నం

మా సార్ పోయారు. ఏలూరు ఆసుపత్రిలో పదకొండు రోజులు కొట్టుమిట్టాడి మొన్న ఉదయం వెళ్ళిపోయారు. గుండె ఆగిందని కాగితంలో రాశారు. దానంతటది ఆగలేదు, కర్రలతో కొట్టి ఆపారు.

కొల్లేటి చుట్టుపక్కల చేపల చెరువులు కొలిచి మ్యాపులు గీసే ఆఫీసు మాది. మ్యాపులన్నీ ఒక సర్వర్‌లో ఉంటాయి. దానికి ముందు గేట్‌వే కాపలా. పాస్‌వర్డ్ కొట్టి లోపలికి వెళ్తే, మనం మూసేదాకా మన పేరు మీద సెషన్ నడుస్తూనే ఉంటుంది. ఆ గేట్‌వే చూసుకునేది సార్. కొల్లేటికోటలో చేపలు పట్టే ఇంట్లో పుట్టిన మనిషి. నాకు పని నేర్పింది ఆయనే.

సెషన్ మూసినవాళ్ళే కుర్చీని బల్ల కిందికి తోసి వెళ్ళాలని ఆయన పెట్టిన పద్ధతి. మధ్యాహ్నం క్యారియర్ విప్పే ముందు వరసల మధ్య తిరిగేవారు. కుర్చీ బయట ఉంటే ఆగి చూసేవారు, లోపల ఉంటే నమ్మి వెళ్ళిపోయేవారు. పాస్‌వర్డ్ మార్చేస్తే చాలదా అని ఒకసారి అడిగాను. "తాళం మార్చారు సరేనండీ, లోపల కూర్చున్నవాడి సంగతేంటి?" అని నవ్వారు. వయసులో ఎంత చిన్నదాన్నైనా నన్ను మీరు అనే అనేవారు.

ఆ రోజు నాకు ఆకలి దంచేస్తోంది. తెరిచి ఉన్న మ్యాపు పెద్దది, మూస్తే మళ్ళీ తెరుచుకోడానికి పావుగంట. మూయకుండానే కుర్చీ లోపలికి తోసి భోజనానికి లేచాను. ఆయన చూశారు, నమ్మారు.

రెండు చెరువుల మధ్య గట్టు ఎక్కడుండాలన్న తగాదాలో మా మ్యాపు వల్ల ఓడినవాళ్ళు ఆరుగురు, నేను తింటుండగానే సరుగుడు కర్రలతో వచ్చి అద్దాల తలుపు బద్దలుకొట్టారు. ఒకడు నా కుర్చీ లాక్కుని మ్యాపులో గట్టు జరపడం మొదలెట్టాడు. నేను వెనక గదిలో దాక్కుని, తలుపు సందులోంచి చూస్తూ ఫోన్లో పాస్‌వర్డ్ మార్చాను. వాడు ఆగలేదు. సార్ తన గదిలోకి పరుగెత్తి, గేట్‌వే జాబితాలో నా సెషన్ తెంచేశారు. వాళ్ళు కర్రలతో ఆ గదిలోకి దూరారు.

"మళ్ళీ తెరవరా!"

"తెరవనండీ."

మొదటి దెబ్బ చేతి మీద. ఎముక విరిగిన చప్పుడు గోడ ఇవతలికి వినిపించింది.

"ఆ సీటెవరిదిరా? వాళ్ళని పిలు, వాళ్ళే తెరుస్తారు!"

"నాదేనండీ ఆ సీటు."

తర్వాతి దెబ్బలు తల మీద. నేను లెక్కపెట్టలేదు, చెవులు మూసుకున్నాను. ఆసుపత్రిలో మా ఆఫీసు యజమానితో కూడా, ఆ పూట ఆ సీట్లో పనిచేసి మూయడం మరిచింది తానేనని చెప్పారు. నేను పక్కనే నిలబడి నోరు మెదపలేదు. ఆ ఆరుగురినీ చీల్చెయ్యాలనుంది. ఆ తర్వాత నన్ను.

నిన్న కొల్లేటికోట వెళ్ళి ఆయన భార్యకు నిజం చెప్పాను. చెంప పగలగొట్టారు. "ఆయన నీ సీటు కోసం చచ్చాడా? అన్నం తినే మనిషివేనా నువ్వు?" అన్నారు. ఇంకో దెబ్బ కోసం నిలబడ్డాను. ఆవిడ లోపలికి వెళ్ళిపోయారు.

ఇవాళ ఆఫీసుకు వచ్చి యజమానికీ చెప్పాను. యజమాని, "ఆయన పాస్‌వర్డ్ మార్చేశామండీ, ఇక ఆ పని అయిపోయింది" అని మాత్రం అన్నారు.

సార్ గదిలోకి వెళ్ళి గేట్‌వే జాబితా తెరిచాను. ఆ రోజు తెరిచిన ఆయన సెషన్ ఇంకా నడుస్తూనే ఉంది. ఆయన కుర్చీ గోడ పక్కన పడి ఉంది, దాని చేతి మీద ఎండిన నెత్తురు. సెషన్ మూశాను. జాబితా రెండుసార్లు చూశాను. అప్పుడు కుర్చీ లేపి బల్ల కిందికి తోశాను.