నాజ్‌నీన్ కలిపిన సైంటిస్టులు

కంబదూరు షాదీఖానా వాకిట్లో నాజ్‌నీన్‌కు కాలు నిలవడం లేదు. జాకెట్లు కుట్టే మనిషి. హడావిడిలో మెడలో కొలతల టేపు తీయడం కూడా మర్చిపోయి వచ్చేసింది. బెంగళూరు కారు పావగడ దాటిందని ఫోనొచ్చింది. హైదరాబాద్ వాళ్లు గుత్తిలో రైలు దిగారు.

"నాయనా, నిజంగానే వస్తాండారు!" అని గట్టిగా అరిచింది.

లోపల కుర్చీలు వేస్తున్న అల్లాబకాష్ తల తిప్పకుండానే, "వస్తే రానీ తల్లీ. ముందు ఇంత తిని మాత్ర వేసుకో" అన్నాడు.

తినడమంటే నాజ్‌నీన్‌కు చిన్నప్పటి నుంచీ భయంగానే ఉండేది. ముద్ద దిగితే చాలు, పైకడుపులో నొప్పి మొదలై వీపులోకి పొడిచేది. కొందరు గ్యాస్ అన్నారు, కొందరు దిష్టి తీశారు. ఇరవై నిండకముందే షుగరొచ్చింది. ఆమె అన్న తౌఫిక్‌దీ అదే నొప్పి. హైదరాబాద్ తీసుకుపోయేసరికే ఆలస్యమైంది, అతను దక్కలేదు. ఆ తర్వాత అల్లాబకాష్ ఇంక ఎవరి మాటా వినకుండా కూతుర్ని బెంగళూరు తీసుకుపోయాడు. తిన్నది అరిగించే రసాన్ని, ఇన్సులిన్‌ను తయారుచేసే క్లోమంలో రాళ్లు చేరాయని అక్కడ తేలింది. నోట్లోంచి గొట్టం వేసి రాళ్లు తీశారు. చాలా ఏళ్ల తర్వాత ఆమె భయం లేకుండా అన్నం తిన్నది.

ఆ జబ్బు మీద పరిశోధన చేసే డాక్టర్ హేమలత ఆమె మంచం పక్కన కూర్చుని, "ఇది కొన్ని కుటుంబాల్లోనే ఎందుకొస్తుందో మాకింకా పూర్తిగా తెలీదమ్మా. మీలాంటి వాళ్లు ఇంకా చాలామంది దొరికితే తప్ప తేలదు" అంది.

నాజ్‌నీన్ లేచి కూర్చుంది. "మా అన్నను చూపించేదానికి పోయినప్పుడు హైదరాబాద్‌లో విష్ణువర్ధన్ సారు కూడా ఇదే మాట చెప్పినాడు. మీరిద్దరూ మాట్లాడుకోరా మేడమ్?"

"ఆయన రాసినవి చదివాను. మాట్లాడే సందర్భం రాలేదు."

"సందర్భం వచ్చేదేముంది? నెంబరు నాకాడ ఉండాది." అప్పటికప్పుడే ఫోను కలిపి డాక్టరమ్మ చేతిలో పెట్టేసింది. మొదట మొహమాటంగా మొదలైన మాటలు అరగంటైనా తెగలేదు.

ఇంటికొచ్చాక ఆమె ఊరికే కూర్చోలేదు. జాకెట్లిచ్చేందుకు వచ్చిన ఆడవాళ్లందరినీ, తింటే నొప్పి అనేవాళ్లు, బక్కచిక్కి చిన్న వయసులోనే షుగరొచ్చినవాళ్లు మీ ఊర్లో ఉన్నారా అని అడిగింది. ఉన్నారంటే ఆటో ఎక్కి పోయింది. కొందరు తలుపులేసుకున్నారు. కొందరు ఆమె చేయి పట్టుకుని, ఇన్నాళ్లకు అడిగేదానికి ఒకరొచ్చినారని ఏడ్చారు. వాళ్లందరి కోసమే ఇప్పుడు సైంటిస్టులు కంబదూరు వస్తున్నారు.

కార్లు దిగారు. హేమలత, విష్ణువర్ధన్ ఒకరినొకరు నేరుగా చూడటం అదే మొదటిసారి. నమస్కారాలు పూర్తికాకముందే వాదనలోకి దిగిపోయారు. అల్లాబకాష్ కంగారుపడి, "ఏంది తల్లీ, కొట్లాడుకుంటాండారా?" అని గుసగుసగా అడిగాడు. "లేదు నాయనా, వాళ్లకు అదే సంతోషం" అని ఆమె పకపకా నవ్వింది.

అసలు చిక్కు రక్తం తీసే దగ్గర వచ్చింది. నాజ్‌నీన్ పిలిపించిన జనం కుర్చీల్లోంచి కదల్లేదు. ఇద్దరు బిడ్డల్ని ఈ నొప్పికే పోగొట్టుకున్న మారెక్క లేచి నిలబడింది.

"ఏమప్పా సారూ, మా రక్తం తీసుకుపోయి ఏం చేస్తారు? నా మనవరాలికి ఈ రోగం వస్తాదా రాదా, అది చెప్తారా?"

విష్ణువర్ధన్ మారెక్కకు దగ్గరగా వచ్చాడు.

"ఇప్పుడు చెప్పలేనమ్మా. నాకు తెలీదు. ఈ మేడమ్‌కూ తెలీదు. ఇన్నాళ్లూ ఎవరికి వాళ్లం కొద్దికొద్దిగా వెతికాం, చాల్లేదు. ఇకపై కలిసి వెతుకుతాం. తెలిసింది మీకొచ్చి చెప్తాం. ఇష్టం లేకపోతే ఇవ్వొద్దు."

మారెక్క అతన్ని కాసేపు ఎగాదిగా చూసింది. "తెలీదని చెప్పిన డాక్టరును నిన్నే చూస్తాండా" అంటూ చేయి చాపింది. ఆమె వెనక వరసలు కదిలాయి. నాజ్‌నీన్‌కు ఎగిరి గంతేయాలనిపించింది.

పొద్దువాలేదాకా సైంటిస్టులు ఉగ్గాని తింటూనే పని పంచుకున్నారు. రక్తం ఒకచోట, రాళ్లు ఒకచోట పరీక్షించాలి, వచ్చినవన్నీ అందరూ చూడాలి. ఆ కుటుంబాల పిల్లలకు కూడా స్కానింగు చేయాలన్న మాట మాత్రం నాజ్‌నీన్‌ది. ఇద్దరూ సరేనన్నారు.

మరుసటి ఏడాది ఆ స్కానింగులోనే మారెక్క మనవరాలి క్లోమంలో రాళ్లు కనబడ్డాయి. షుగరింకా రాలేదు, నొప్పి అప్పుడప్పుడే మొదలవుతోంది. వెంటనే బెంగళూరులో వైద్యం చేశారు. జబ్బు మూలం ఇంకా దొరకలేదని హేమలత దాచకుండా చెప్పింది, కానీ ఈ బిడ్డ మాత్రం టైముకు దొరికింది.

బెంగళూరు నుంచి కబురు వచ్చినప్పుడు నాజ్‌నీన్ మిషను మీద ఉంది. కుట్టు సగంలో ఆపి మారెక్క ఇంటి వైపు పరుగెత్తింది. "మారెక్కా! పిల్ల అన్నం తింటాండాదంట! ఇంకా పెట్టమని అడుగుతాండాదంట!"